ఇష్తిహార్‌కు జామిన్ ఎవరు?

మా మామూ గుమ్మఘట్టలో ఉంటారు. మా అమ్మీకి అన్న. మూడెకరాల మెట్టపొలం, అందులో వేరుశనగ. వాన పడితే నాలుగు మూటలు, పడకపోతే కొడుకులిద్దరూ రాయదుర్గం పోయి జీన్స్ ప్యాంట్లు కుట్టాలి. దగ్గర్లోనే వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. 1961 నుంచి ఉంది. అది నిండుగా కనిపించిన సంవత్సరాల్ని మామూ వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. రెండో చేతి దాకా రారు.

ఈ మామూకి ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు. ఆ రెండు వేళ్ల కథలో నా కలం కూడా ఉంది. అందుకే ఈ మజ్మూన్ రాస్తున్నాను.

పదహారేళ్ల కిందటి మాట. నేను ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌ని. స్కూలు ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. ఇలాంటివాడు ఏ ఆఫీసులో ఉన్నా రెండు వైపులా పనికొస్తాడు. ఒకరోజు ఇష్తిహార్ల సెక్షన్ నుంచి ఒక కాగితం నా బల్ల మీదకి వచ్చింది. ఉర్దూలో ఉంది. షుగర్‌కి ఏదో సఫూఫ్, అంటే పొడి మందు. 'దీన్ని తెలుగులోకి మార్చి ఇవ్వు భాయ్, మూడు వందలు ఇస్తారంట' అన్నారు. అరగంట పని. 'జడ్ సే ఖత్మ్' అని ఉన్నదాన్ని 'సమూలంగా మాయం' అన్నాను. 'దవావోఁ సే నజాత్' అన్నచోట 'జీవితాంతం మాత్రలు మింగే బాధ నుంచి విముక్తి' అని రాశాను. 'విముక్తి' అనే మాట కుదిరినందుకు ఖుషీ పడ్డాను కూడా. తెలుగు డిగ్రీ ఊరికే పోలేదనుకున్నాను.

నాలుగు నెలల తర్వాత బళ్లారిలో ఒక దవాఖానాలో మామూని చూడటానికి వెళ్లాను. కలుపు తీస్తుంటే కాలికి ముల్లు దిగిందట. పుండు మానలేదు, నల్లబడింది, వేళ్లు తీసేశారు. 'షుగర్ మాత్రలు వేసుకుంటున్నావా మామూ' అని అడిగాను. ఆపేశానన్నారు. సర్కారీ దవాఖానాలో మాత్రలు అయిపోయినప్పుడల్లా రాయదుర్గం పోయి కొనాలి, బస్సు ఖర్చు, ఒక రోజు కూలి. అఖ్బార్‌లో చూసి వీపీపీలో ఒక పొడి తెప్పించుకున్నారట. నలభై రోజుల కోర్సు. నలభై అంటే మనకు చిల్లా, ఆ లెక్క మీద ఎతేబార్ ఎక్కువ. జేబులోంచి మడతపెట్టిన కాగితం ముక్క తీసి చూపించారు. అందులో 'విముక్తి' ఉంది.

'అఖ్బార్ మే ఛపే సో బాత్ ఝూట్ హోతీ క్యా రే?' అన్నారు. అచ్చులో వచ్చింది అబద్ధం ఎలా అవుతుందిరా అని. నేనేం చెప్పలేదు.

అప్పటి నుంచి దవా ఇష్తిహార్ల తారీఖ్ ఎక్కడ దొరికితే అక్కడ చదువుతున్నాను. మందు గురించి జనానికి చాటడం మంచిదా చెడ్డదా అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు నా దగ్గర లేదు. ఈ తారీఖ్‌లో మన ఖౌమ్ పేరు మాత్రం చాలా చోట్ల వస్తుంది, కోర్టు రికార్డుల్లో కూడా.

నుస్ఖా అనే మాట నుంచి మొదలుపెడతాను. ఇప్పుడు దాన్ని ప్రిస్క్రిప్షన్ అంటున్నాం. పాత హకీములు నుస్ఖా రాసేటప్పుడు కాగితం పైన ముందుగా 'హువష్షాఫీ' అని రాసేవారు. శిఫా ఇచ్చేవాడు ఆయనే, నేను కాను అని ఒప్పుకోవడం. దాని కింద దవాల పేర్లు, వజన్, ఎలా తీసుకోవాలి, పర్హేజ్ ఏమిటి. ఆ కాగితాన్ని అత్తార్ దుకాణంలో ఇస్తే పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. ఆ నుస్ఖా ఒక్క మరీజ్‌ది. అతని నబ్జ్ పట్టుకుని చూసి రాసింది. పక్కింటివాడికి పనికిరాదు. ఇష్తిహార్ ఎవరి నబ్జూ చూడదు. గుమ్మఘట్టలో మామూకీ, అనంతపురంలో ఇంకొకరికీ అదే మాట చెబుతుంది.

సునన్ అబూ దావూద్‌లో ఒక హదీస్ ఉంది. వైద్యం తెలిసినవాడిగా పేరు లేని మనిషి ఎవరికైనా వైద్యం చేస్తే, జరిగిన నష్టానికి అతనే జామిన్ అని దాని సారాంశం. 'జామిన్' అనే మాటను మన ఊళ్లలో బ్యాంకు అప్పు దగ్గరా, కోర్టు బెయిల్ దగ్గరా వాడతాం. అసలు అర్థం అదే: ఎదుటివాడి నష్టాన్ని నెత్తిన వేసుకునేవాడు. దీన్ని బాజారులో అమలు చేసే ఇంతెజామ్ కూడా ముస్లిం నగరాల్లో ఉండేది. ముహ్తసిబ్ అనే అధికారి తూకాలు, కొలతలు చూసేవాడు. 12వ శతాబ్దంలో షామ్ ముల్క్‌లో, అంటే ఇప్పటి సిరియాలో, అల్ షైజరీ అనే ఆయన ముహ్తసిబ్‌ల కోసం ఒక కితాబ్ రాశాడు. రొట్టెలవాడు, కసాయి, చేపలు వేయించేవాడు ఇలా ఒక్కో పేషాకి ఒక్కో అధ్యాయం. షర్బత్‌లు చేసేవాళ్లకి, అత్తార్లకి, తబీబ్‌లకి కూడా ఉన్నాయి. ఏ దినుసులో ఏది కలిపి కల్తీ చేస్తారో, దాన్ని ఎలా కనిపెట్టాలో రాశాడు. తబీబ్‌ల చేత బుక్రాత్ ప్రమాణం చేయించాలన్నాడు. బుక్రాత్ అంటే హిప్పోక్రటీస్. మెడికల్ కాలేజీల్లో చాలాకాలం చేయించింది ఆ పేరు మీదే.

అచ్చు యంత్రం వచ్చాక ఈ లెక్క తప్పింది. మందు ఒకచోట తయారవుతుంది, మాట వెయ్యి ఊళ్లకు పోతుంది. మాట వెంట ముహ్తసిబ్ పోలేడు.

ఇక్కడ మందు ఇష్తిహార్ల వల్ల జరిగిన మేలు కూడా చెప్పాలి, లేకపోతే బేఇన్సాఫీ అవుతుంది. మన తెలుగు పత్రికలు బతికింది చాలావరకు వాటి మీదే. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి అలవాటు చేశారని చెబుతారు. ఆ తలనొప్పి మందు డబ్బుతోనే 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రిక వచ్చింది, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది, తర్వాత భారతి వచ్చింది. ఆంధ్రోద్యమానికీ ఆజాదీ పోరాటానికీ తెలుగులో గొంతు ఇచ్చిన పత్రిక ఒక పసుపు మందు డబ్బీ మీద నిలబడింది. మద్రాసులోనే డాక్టర్ కె.ఎన్. కేసరి గారి కేసరి కుటీరం ఆడవాళ్ల కోసం లోధ్ర అమ్మింది. 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టింది ఆయనే. ఆడవాళ్లు రాయడానికీ చదవడానికీ ఒక చోటు దొరికింది. మందుల ఇష్తిహార్లు లేకపోతే ఈ పత్రికలు ఎన్నాళ్లు నడిచేవో చెప్పలేం.

హైదరాబాద్‌లో జిందా తిలిస్మాత్ సంగతి ప్రతి ముస్లిం ఇంటికీ తెలుసు. 1920లో హకీం ముహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టారు. సీసా మీద నల్లటి పహిల్వాన్ బొమ్మ ఉంటుంది కదా, అది నిజాం ఫౌజులో ఉన్న ఆఫ్రికా సిద్దీ సిపాయిల గుర్తు. బలానికి నిషానీ. చదువు రానివాడు కూడా బొమ్మ చూసి అడిగి కొనుక్కుంటాడు. పేరులో తిలిస్మ్ ఉంది గానీ లోపల ఉన్నది యూకలిప్టస్ నూనె, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు, ఎర్రరంగుకి రతన్‌జోత్. మా దాదీ జలుబుకి నాలుగు చుక్కలు చక్కెర మీద వేసి పెట్టేది. నోరు మండేది, ముక్కు తెరుచుకునేది. మా ఇంట్లో ఎవరికీ దాంతో నష్టం జరగలేదు. జలుబు మందు గురించి కొంచెం గొప్పలు చెప్పుకుంటే ప్రాణం పోదు. షుగర్ మందు గురించి చెప్పుకుంటే పోతుంది. ఈ ఫర్క్ అర్థం చేసుకోవడానికి మన దేశానికి చాలా ఏళ్లు పట్టింది.

నా చిన్నప్పుడు రాయదుర్గం స్కూలుకి బెంగళూరు నుంచి ఒక రోజు ఆలస్యంగా ఉర్దూ అఖ్బార్ వచ్చేది. దాని చివరి సఫా నిండా హకీం సాహెబ్‌ల ఇష్తిహార్లు. కాతిబ్ చేతిరాత ఎంత ఖూబ్‌సూరత్‌గా ఉండేదంటే, వార్తల కన్నా ఇష్తిహార్ల అక్షరాలే బాగుండేవి. నేను వాటిని చూసి ఖుష్‌ఖతీ నేర్చుకున్నాను. ఒకరోజు 'మర్దానా తాఖత్' అని పలక మీద అందంగా రాసి ఉస్తాద్ గారికి చూపించాను. చెంప మీద పడింది. ఎందుకో పదేళ్ల తర్వాత అర్థమైంది.

ఆ తరహా ఇష్తిహార్ల మీదే 1954లో చట్టం వచ్చింది. దాని వెనక పాతికేళ్ల కథ ఉంది. 1930లో ఆర్.ఎన్. చోప్రా నాయకత్వంలో వేసిన కమిటీ బాజారులోని కల్తీ మందుల్ని బయటపెట్టింది. దాని ఫలితంగా 1940లో డ్రగ్స్ యాక్ట్ వచ్చింది. అది సీసాలో ఉన్న మందును చూసింది, సీసా గురించి చెప్పే మాటను పెద్దగా పట్టించుకోలేదు. ఆజాదీ తర్వాత పత్రికల్లో గుప్తరోగాలకి, మగతనానికి, ఆడవాళ్ల వ్యాధులకి మందులంటూ ఇష్తిహార్లు పెరిగిపోయాయి. అమాయకులు వాటిని చూసి సొంత వైద్యం చేసుకుని చెడిపోతున్నారని పార్లమెంటు డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం చేసింది. 1955 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గర్భం రాకుండా చేసే మందులు, గర్భం తీసే మందులు, లైంగిక శక్తి మందులు, నెలసరి సరిచేసే మందులు, వీటి గురించి ఇష్తిహార్ ఇవ్వకూడదు. తర్వాత షెడ్యూల్‌లో పెట్టిన జబ్బులకి ఇలాజ్ చేస్తామని చాటకూడదు. ఇప్పుడు ఆ జాబితాలో 54 ఉన్నాయి. కాన్సర్, కంటిశుక్లం, పక్షవాతం, కుష్టు, చివరికి మనిషిని పొడవు చేస్తామనడం కూడా. తావీజ్‌లు, మంత్రాలు, కవచాలతో జబ్బు పోతుందని ఇష్తిహార్ ఇవ్వడం కూడా నేరమే. తొలిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, మళ్లీ చేస్తే ఏడాది దాకా.

ఆ 54లో మధుమేహం ఉంది. అంటే నేను అనువాదం చేసిన ఇష్తిహార్ నేను పుట్టకముందు నుంచే నేరం. ఇంకో మాట ఉంది ఆ చట్టంలో. ఇష్తిహార్ ప్రచురణలో 'ఏ విధంగానైనా పాలుపంచుకోవడం' కూడా కూడదని. మందు చేసినవాడు, అచ్చు వేసినవాడు మాత్రమే కాదు. అరగంట కూర్చుని తర్జుమా చేసి మూడు వందలు తీసుకున్నవాడు కూడా వస్తాడు. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కొంచెంసేపు అటూ ఇటూ తిరిగాను.

ఈ చట్టాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది ఎవరో కాదు, హమ్‌దర్ద్ దవాఖానా. 1906లో ఢిల్లీలో హకీం అబ్దుల్ మజీద్ పెట్టిన దుకాణం, రూహ్ అఫ్జా ఇచ్చిన దుకాణం. అప్పటికి అది వక్ఫ్ అయిపోయింది. ఖాందాన్ ఆస్తి కాదు, ఆమదనీ ఖైరాత్‌కి, చదువులకి పోయేది. 1958 డిసెంబరులో ఢిల్లీ డ్రగ్స్ కంట్రోలర్ హమ్‌దర్ద్‌కి నోటీసు ఇచ్చాడు. మీ ఇష్తిహార్లు చట్టానికి ఖిలాఫ్‌గా ఉన్నాయి, బొంబాయికీ ఇతర రాష్ట్రాలకీ పంపిన సరుకు వెనక్కి తెప్పించండి అని. హమ్‌దర్ద్ కోర్టుకి వెళ్లింది. వాళ్ల దలీల్ రెండు రకాలు. ఒకటి, ఇష్తిహార్ కూడా మాట్లాడే హక్కులో భాగమే, రాజ్యాంగం 19వ అధికరణం దాన్ని కాపాడాలి. రెండోది మనసుకి తగిలేది: అంగ్రేజుల కాలంలో యునానీ, ఆయుర్వేదాల్ని చిన్నచూపు చూశారు, ఈ చట్టం దెబ్బ కూడా వాటి మీదే పడుతోంది.

1959 డిసెంబరు 18న రాజ్యాంగ ధర్మాసనం తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ జె.ఎల్. కపూర్. ఇష్తిహార్ మాటే, ఒప్పుకున్నారు. కానీ దాని అసలు మక్సద్ చూడాలి. అది సరుకు అమ్ముకోవడానికైతే, అందులోనూ జనం సొంత వైద్యం చేసుకుని నష్టపోయే సరుకైతే, భావాల స్వేచ్ఛ అనే చత్రీ కింద దానికి చోటు లేదన్నారు. చట్టం నిలబడింది. అయితే హమ్‌దర్ద్ ఉట్టి చేతుల్తో తిరిగి రాలేదు. ఏ జబ్బునైనా ఎప్పుడైనా జాబితాలో చేర్చే అధికారం ప్రభుత్వానికి ఇచ్చిన ముక్కను, సరుకు జప్తు చేసే అధికారంలో కొంత భాగాన్ని కోర్టు కొట్టేసింది. జప్తు చేసిన సరుకు వాపసు ఇమ్మంది. 1963లో పార్లమెంటు ఆ లోటును సరిచేస్తూ సవరణ తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఈ కేసు గురించి మన ఖౌమ్‌లో ఎవరైనా మాట్లాడితే యునానీ మీద హమ్లా అన్నట్టే మాట్లాడతారు. పూర్తిగా ఝూట్ అనను. తిబ్‌ని అంగ్రేజీ డాక్టర్లు వెటకారం చేసిన కాలం ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ చట్టం జబ్బుల పేర్లు చెప్పింది, తిబ్ పేరు చెప్పలేదు. అల్లోపతి కంపెనీ షుగర్‌ని మాయం చేస్తానన్నా అదే జైలు. హకీం కూర్చుని నబ్జ్ చూసి నుస్ఖా రాయడాన్ని చట్టం ఆపలేదు. నబ్జ్ చూడకుండా లక్షమందికి నుస్ఖా రాయడాన్ని ఆపింది. హకీమీ అదబ్ కూడా అదే కదా. నా రాయిలో హమ్‌దర్ద్ ఓడిపోవడం తిబ్‌కి నష్టం కాదు. చాలామంది పెద్దలకి ఇది నచ్చదని తెలుసు.

1995లో టాటా ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు వ్యాపార ప్రకటన కూడా మాట్లాడే హక్కులోకే వస్తుందని చెప్పింది. సరుకు గురించి తెలుసుకోవడం కొనేవాడి హక్కు కూడా అని. హమ్‌దర్ద్ తీర్పును మాత్రం తోసేయలేదు, ఆ ఇష్తిహార్లు నిషిద్ధమైన మందులవి కాబట్టి అది వేరే సంగతి అంది. ఈ రెండు తీర్పుల మధ్యే మనం ఉన్నాం.

అంగ్రేజీ మందుల సంగతి ఇంకోలా నడిచింది. షెడ్యూల్ హెచ్ మందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి నుంచి కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు, నిద్రమాత్రల కోసం హెచ్1 అనే జాబితా పెట్టారు, వాటిని ఎవరికి అమ్మారో దుకాణదారు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. ఈ మందుల గురించి జనానికి ఇష్తిహార్ ఇవ్వాలంటే కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి ఉండాలని 2015లో నిబంధన చేర్చారు. అందుకే బీపీ మాత్రల ప్రకటన మీకు టీవీలో కనిపించదు. చవన్‌ప్రాశ్ కనిపిస్తుంది.

మరి కంపెనీలు ఊరుకుంటాయా? 1954 చట్టంలోనే ఒక తలుపు ఉంది. రిజిస్టరైన డాక్టరుకి రహస్యంగా పంపే ప్రకటనకి మినహాయింపు. ఆ తలుపులోంచి మెడికల్ రిప్రజెంటేటివ్ బ్యాగుతో నడిచి వస్తాడు. శాంపిల్ స్ట్రిప్పులు, పెన్నులు, క్యాలెండర్లు, పెద్ద డాక్టర్లకి విదేశీ సఫర్‌లు. ఇష్తిహార్ మరీజ్ దగ్గరకి రాలేదు గానీ మరీజ్ నుస్ఖాలోకి వచ్చి కూర్చుంది. దీన్ని అదుపు చేయడానికి 2024 మార్చిలో కేంద్రం ఒక నియమావళి ప్రకటించింది, బహుమతులు, డాక్టర్ల కుటుంబాలకి ప్రయాణ ఖర్చులు కూడదని. చూడాలి. మా పల్లెల్లో అయితే రాసేది ఎక్కువగా ఆర్ఎంపీలే. పట్నం డాక్టరు ఏం రాస్తున్నాడో చూసి అదే రాస్తారు. వాళ్లని తిట్టడం తేలిక. రాత్రి రెండింటికి పిల్లాడికి ఫిట్స్ వస్తే తలుపు తీసేది మాత్రం వాళ్లే.

జనానికి నేరుగా చెప్పే రివాజ్ పూర్తిగా ఉన్న దేశాలు రెండు, అమెరికా, న్యూజిలాండ్. టెక్సాస్‌లో ఉన్న మా ఖాలా కొడుకు చెబుతాడు: టీవీలో ఒక ముసలాయన మనవరాలితో గాలిపటం ఎగరేస్తుంటాడు, వెనక ఒక గొంతు గుండెపోటు, కాలేయం చెడటం, మరణం అని ఆగకుండా చదివేస్తూ ఉంటుంది, చివర్లో 'మీ డాక్టర్ని అడగండి' అంటుంది. 1997లో అక్కడి ఎఫ్‌డీఏ నియమాలు సడలించింది. నష్టాల జాబితా మొత్తం చదవక్కర్లేదు, ముఖ్యమైనవి చెప్పి మిగతావి ఎక్కడ దొరుకుతాయో చెబితే చాలంది. అప్పటి నుంచి టీవీలో వరద.

దాని ఫాయిదా లేకపోలేదు. మనసు జబ్బు గురించి సిగ్గుపడి దాచుకున్నవాళ్లు కొందరు అది జబ్బేనని తెలుసుకుని డాక్టరు దగ్గరకి వెళ్లారు. 2002లో ఎఫ్‌డీఏ డాక్టర్లనే అడిగింది. ప్రకటన చూసి వచ్చిన మరీజులు మంచి సవాళ్లు అడుగుతున్నారని చాలామంది చెప్పారు. అదే సర్వేలో మందు లాభాలు మరీజులకి అర్థమవుతున్నాయని 78 శాతం డాక్టర్లు అన్నారు, నష్టాలు అర్థమవుతున్నాయని అన్నది 40 శాతం.

వయాక్స్ అనే కీళ్లనొప్పుల మందు కథ ఇక్కడ చెప్పాలి. మెర్క్ కంపెనీది. 1999లో వచ్చింది. 2000లో దాని ప్రకటనల మీద 16 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారు, ఆ ఏడాది పెప్సీ కూల్‌డ్రింక్ ప్రకటనల ఖర్చు కన్నా ఎక్కువ. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని తేలడంతో 2004 సెప్టెంబరు 30న బాజారు నుంచి తీసేశారు. చాలామందికి పాత సస్తా నొప్పి మాత్ర సరిపోయేది. టీవీ చూసి కొత్తది అడిగారు. మా అనంతపురం జిల్లాలో బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల మోకాళ్లు పట్టేసిన మనుషులు ఎంతమందో. అలాంటి ప్రకటన ఇక్కడ టీవీలో వచ్చి ఉంటే? 'మీ డాక్టర్ని అడగండి' అంటే మామూ ఎవర్ని అడగాలి? అమెరికాలో ఆ వాక్యం కనీసం ఒక దారి చూపిస్తుంది. గుమ్మఘట్టలో ఆ దారి రాయదుర్గం బస్సు ఎక్కాలి.

మేలు చేసిన ఇష్తిహార్ కూడా మన కళ్లముందే ఉంది. పోలియో. 'దో బూంద్ జిందగీ కీ' గోడల మీద, టీవీలో, రిక్షా మైకుల్లో ఏళ్ల తరబడి మోగింది. ఉత్తరప్రదేశ్‌లో ఈ చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరని మన మొహల్లాల్లో అఫ్వాలు తిరిగాయి. అమితాబ్ బచ్చన్ గొంతు ఒక్కటే చాల్లేదు. ఉలమాలు జుమా ఖుత్బాల్లో చెప్పారు. అలీగఢ్, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ విద్యార్థులు, ఉస్తాద్‌లు ఇళ్లకి వెళ్లి కూర్చున్నారు. అవును, అదే హమ్‌దర్ద్ సంస్థ పెట్టిన విశ్వవిద్యాలయం. దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో. 2014 మార్చి 27న పోలియో పోయిందని ప్రకటించారు. అక్కడ మాట చెప్పినవాడు మళ్లీ మరుసటి ఆదివారం అదే ఇంటి ముందుకి రావాలి. చుక్కలు వేసిన పిల్లాడికి జ్వరం వస్తే తల్లి అతన్నే నిలదీస్తుంది. వీపీపీలో పొడి పంపినవాడి ముఖం మామూ ఎప్పుడూ చూడలేదు.

ఆయుష్ మందుల ప్రకటనలకి రాష్ట్ర అధికారి అనుమతి ఉండాలని 2018లో 170వ నిబంధన తెచ్చారు. 2024లో పతంజలి కేసు అందరూ చూశారు. జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ అహ్సానుద్దీన్ అమానుల్లా ముందు చేతులు కట్టుకుని నిలబడటం, అఖ్బార్లలో మాఫీనామాలు. ఆ వేడిలోనే జూలైలో ప్రభుత్వం 170వ నిబంధనని తీసేసింది, ఆగస్టులో కోర్టు దాన్ని ఆపింది, 2025లో కేసు మూసేసినప్పుడు ఆ ఆపడమూ పోయింది. 1954 చట్టం ఇప్పటికీ ఉంది. అది ఉన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. నాకే తెలియలేదు కదా, అదే నా పేషా అయినా.

పోయిన రంజాన్‌లో గుమ్మఘట్ట వెళ్లాను. ఇఫ్తార్ అయ్యాక మామూ అరుగు మీద కూర్చున్నారు. ఫోనులో ఎవరో పంపిన వీడియో చూపించారు. గడ్డం, టోపీ ఉన్న ఒకాయన, కలోంజీతో షుగర్ పోతుందని కసమ్ వేసి చెబుతున్నాడు. పేరు లేదు, ఊరు లేదు. 'యే సచ్ హై క్యా రే, తూ తో అఖ్బార్‌వాలా' అన్నారు.

అప్పుడు చెప్పాను. ఆ పొడి ఇష్తిహార్ తెలుగులో రాసింది నేనే మామూ అని. మూడు వందల సంగతి కూడా.

చాలాసేపు ఏమీ అనలేదు. లోపల మామీ గిన్నెలు కడుగుతున్న చప్పుడు వస్తోంది. తర్వాత 'అచ్ఛా లిఖ్యా థా రే' అన్నారు. బాగా రాశావులే అని. కోపంగా అన్నారో, నిజంగానే అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. లేచి లోపలికి వెళ్లి, సర్కారీ దవాఖానాలో కొత్తగా ఇచ్చిన మాత్రల స్ట్రిప్ తెచ్చి నా చేతిలో పెట్టారు. వెనక చిన్న అక్షరాలు ఆయనకి కనిపించవు. ఇంగ్లీషులో ఉన్నాయి. చదివి చెప్పమన్నారు. ఫోను లైటు వేసి ఒక్కో లైనూ చదివి తెలుగులో చెప్పాను. ఎక్స్‌పైరీ తేదీ రెండుసార్లు అడిగారు.